హోల్మ్‌వుడ్ హౌస్ మోడల్: గుండ్రటి కిటికీలో గాజు ఎక్కడ బిగించారు?

ప్రశ్న:
గ్లాస్గోలోని కాథ్‌కార్ట్‌లో అలెగ్జాండర్ థామ్సన్ 1857–58లో కట్టిన హోల్మ్‌వుడ్ హౌస్‌కి 1:50 స్కేలు మోడల్ చేస్తున్నాను. ముందు వైపు గుండ్రంగా బయటికి పొడుచుకొచ్చిన కిటికీ స్తంభాల్లో గాజు కూర్చునే గాడి ఎక్కడా కనబడదు. పైగా గ్రీకు పద్ధతి అంటారు గానీ ముఖభాగంలో రెండు వైపులకూ పొంతనే లేదు. మధ్యగీత ఎక్కడ పెట్టుకోవాలి? తోట గోడ చూపించాలా? నివేదికలో మరమ్మతుల గురించి కూడా రాయాలి: ఈ ఇసుకరాతికి సిమెంటు పాయింటింగ్ (రాళ్ల మధ్య సందుల్ని సిమెంటుతో పూడ్చడం) ఎందుకు వద్దంటారు?

జవాబు 1:
గాడి ఉండదండీ. స్తంభాలు విడిగా నిలబడ్డాయి, గాజు వాటి వెనక చెక్క చట్రంలో ఉంది. పైరాయిని స్తంభాలు మోస్తాయి, గాలీవానా చట్రం ఆపుతుంది. కాబట్టి మోడల్‌లో రెండు వేరు వేరు వలయాలు చేయండి. లోపలి వలయం ముందు అతికించి, జిగురు ఆరాకే స్తంభాలు నిలబెట్టండి. వరస తిరగేస్తే వెనక కారిన జిగురు తుడవడానికి వేలు పట్టదు.

మధ్యగీత పెట్టుకోకండి. గుండ్రటి కిటికీ ఉన్న భాగం రెండంతస్తులు, భోజనాల గది భాగం ఒకే అంతస్తు. రెంటినీ కలిపి ఉంచేది అడ్డంగా సాగే రాతి పట్టీలే, అందుకని ముందు వాటి ఎత్తులు తేల్చుకోండి. మెట్ల మీది గాజు గోపురం ఈ అడ్డగీతలన్నిటికీ నిలువు జవాబు. దాన్ని పొట్టి చేస్తే ఇల్లంతా చదునైపోతుంది.

జవాబు 2:
తోట గోడ తప్పకుండా పెట్టండి. ఇంటి నుంచి బండ్ల షెడ్డు దాకా సాగే ఆ గోడ లేకపోతే కట్టడం సగానికి కోసినట్టుంటుంది. ఇది కట్టించుకున్న కాగితం మిల్లు యజమాని ఇల్లు ఓ మోస్తరుదే, గోడే దాన్ని పెద్దగా చూపిస్తుంది.

జవాబు 3:
పాయింటింగ్ సంగతి. ఇసుకరాయి తడి పీల్చి వదులుతుంది. రాళ్ల మధ్య కీలు, అంటే సందు, సిమెంటుతో నింపి ఆ దారి మూసేస్తే నీరు రాతి ముఖం గుండానే పోవాలి. ఉప్పు అక్కడే గట్టిపడుతుంది, చలికి నీరూ అక్కడే గడ్డకడుతుంది. కొన్నేళ్లకు రాయి లోపలికి తినుకుపోయి, సిమెంటు గీత మాత్రం బయటికి పొడుచుకొస్తుంది. ఈ గుర్తు ఫోటోలోనే పట్టేయొచ్చు.

మరమ్మతులో పాత కీలును వెడల్పుకు కనీసం రెండింతల లోతు చేతి ఉలితో తీయాలి. గ్రైండరు వాడితే రాతి అంచులు పోతాయి. తడిపి, సహజ హైడ్రాలిక్ సున్నం (నీటితో కలిస్తే గట్టిపడే రకం) ఒక పాలు, ఇసుక రెండున్నర నుంచి మూడు పాళ్లు కలిపి కూరాలి. 5 డిగ్రీల సెల్సియస్ కంటే చలిగా ఉంటే పని ఆపాలి. ఎండిపోకుండా తడి గోనె కప్పాలి. చెక్కిన రాళ్ల మధ్య సన్నటి కీళ్లలో మాత్రం ఈ మిశ్రమం దూరదు. అక్కడ సున్నం ముద్దలో మెత్తటి ఇసుక కలపాలి.

అసలు రోగం చాలాసార్లు కీలులో కాదు, పైన ఉంటుంది. తక్కువ వాలు కప్పు, తోటలో చెట్లు, ఆకులతో నిండిన నీటి తూము. తూము శుభ్రం చేయకుండా కీళ్లు నింపడం దండగ. ఇది ఎ-శ్రేణి (స్కాట్లాండ్‌లో అన్నిటికంటే పై శ్రేణి) రక్షిత కట్టడం గనక దాని స్వరూపం మారే పనికి నగర కౌన్సిల్ అనుమతి కావాలని కూడా రాయండి.

జవాబు 4:
ఐవీ తీగ ఉన్న గోడల గురించి రాసేటట్టయితే ఒక మాట: పచ్చిగా ఉన్నప్పుడు లాగొద్దు, రాతి పొరతో సహా ఊడొస్తుంది. నేల దగ్గర కాండం కోసి, ఎండాక తీయాలి.