ముసలితనంలో రోగాలు: అలవాట్ల వల్లనా, చేసిన పని వల్లనా?

మగ్గం మనవడు, ఉరవకొండ
మా నాయనకు 56. పన్నెండో ఏట గుంట మగ్గంలోకి దిగినాడు, అంతకు ముందు కండెలు చుట్టేవాడు. ఇప్పుడు పొద్దున లేస్తే గోడ పట్టుకొని కాసేపు నిలబడితే గానీ మోకాళ్ళు మాట వినవు. పట్టుపోగు తెగితే కంటికి ఆనక నన్ను పిలుస్తాడు. మొన్న పెండ్లిలో మా మామ (బ్యాంకులో రిటైరైనాడు, 70 ఏండ్లు) ‘బీడీ మానేసి నా మాదిరి వాకింగ్ చెయ్ బావా’ అన్నాడు, అందరి ముందరా. పొద్దస్తమానం కాళ్ళాడించినోడికి వాకింగా! ఈ నొప్పులు ముప్పై ఏండ్ల కిందటే ఒంట్లో చేరినాయని నేనంటా. కాదనేవాళ్ళు చెప్పండి.

శనక్కాయల చేను, కళ్యాణదుర్గం
ఒప్పుకోను తమ్ముడూ. మా జేజికి 84. 1966 కరువులో రాళ్ళు మోసింది. సంగటి, ఊరిబిండి తప్ప ఎరగదు. ఇప్పటికీ కట్టె లేకుండా గుడికి పోతాది. ఆమె కొడుకు, అంటే మా నాయన, ట్రాక్టరు దిగడు. షుగరు, బీపీ రెండూ ఉండాయి. కష్టం మనిషిని చంపదు, కూర్చోవడం చంపుతాది.

బురుజు కాడ, కర్నూలు
అన్నా, జేజితో పాటు రాళ్ళు మోసినోళ్ళు ఎంతమంది మిగిలినారో ఊర్లో లెక్కేయ్. మిగిలినామెను చూసి చెప్పుకుంటే అందరూ గట్టోళ్ళే.

షుగరు మాటకొస్తే, 1944-45 చలికాలంలో జర్మన్లు తిండి రానీకుండా అడ్డుకుంటే నెదర్లాండ్స్‌లో ఆకలి చావులు పడినాయి. అప్పుడు తల్లి కడుపులో ఉన్నోళ్ళను నడివయసులో పరీక్షిస్తే, ఒంటికి చక్కెరను తట్టుకునే శక్తి తగ్గిందని తేలింది. జేజి రాళ్ళు మోసేటప్పుడు మీ నాయన ఎక్కడున్నాడో అడుగు.

బీడీ సంగతా? లండన్ ప్రభుత్వోద్యోగులను 1967 నుంచి ఏండ్ల తరబడి గమనించినారు, ఆ లెక్కలు మైకేల్ మార్మట్ అనే పరిశోధకుడి వాళ్ళు తేల్చినారు. గుండెజబ్బుతో పై అధికార్ల కంటే కిందిస్థాయోళ్ళే ఎక్కువ పోయినారు. పొగ, బీపీ, కొవ్వు లెక్కలోంచి తీసేసినా ఆ తేడా సగానికి పైగా అట్లే మిగిలింది. దాదాపు అందరివీ కుర్చీ ఉద్యోగాలే, గమనించు.

శనక్కాయల చేను
అడిగినా. నాయన ఆ ఏడే పుట్టినాడంట, పనికాడే చెట్టుకు ఊయల కట్టిందంట. సరే, షుగరు కాడ ఒక మెట్టు దిగినా. బీడీని మాత్రం వదల్ను. మోకాలు మగ్గానిది, దగ్గు బీడీది.

మగ్గం మనవడు
ఆ పంపకం బాగుండాది అన్నా. మన రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను 60కి, చేనేతోళ్ళకు 50కే. మగ్గమోడు పదేండ్లు ముందే ముసలోడైతాడని సర్కారే రాసిచ్చినట్టు కదా? ఇది మామకు చదివి వినిపిస్తా. నాయనకు చెప్తే నవ్వినాడు. బీడీకట్ట ఇప్పుడు అమ్మ కంటబడకుండా మగ్గం గుంటలో దాస్తాండాడు.