రీకాల్ అయిన పుట్టగొడుగుల టిన్ను: అమ్మిన దుకాణాన్ని కేసులోకి లాగాలా?

సుధ_మారతహళ్లి
పక్క బ్లాకు వాళ్ల తరఫున అడుగుతున్నాను. 400 గ్రాముల పుట్టగొడుగుల టిన్ను వీధి చివరి దుకాణంలో కొన్నారు. రాత్రి ఎనిమిదికి కూర తింటే పదకొండు కల్లా ముగ్గురికీ వాంతులు పట్టుకున్నాయి. పెద్దావిడను రెండు రోజులు ఆస్పత్రిలో ఉంచారు. టిన్ను మర్నాడే చెత్తబండిలో పోయింది. పన్నెండు రోజుల తర్వాత కంపెనీ ఆ సరుకులో ఒక బ్యాచ్‌ను ‘సూక్ష్మజీవుల కాలుష్యం’ అంటూ వెనక్కి పిలిచింది. ఇప్పుడు చేతిలో యూపీఐ రసీదు, డిశ్చార్జి సమ్మరీ ఉన్నాయి, అంతే. ఎవరి మీద వేయాలి, ఎక్కడ వేయాలి?

నిఖిల్
ముందు పోలీస్ స్టేషన్‌కు వెళ్లి ఎఫ్ఐఆర్ వేయించండి. కంపెనీ దానంతట అదే దిగొస్తుంది.

శాంతినగర్_వకీలు
నిఖిల్ గారూ, ఆ దారి దాదాపు మూసుకుపోయింది. కల్తీ, హానికర ఆహారం అమ్మకం గురించి పాత ఐపీసీలో ఉన్న 272, 273 సెక్షన్ల మీద 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలోని సెక్షన్ 59దే పైచేయి అని రామ్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు 2024లో తేల్చింది. ప్రాసిక్యూషన్ అంటే ఇక ఫుడ్ సేఫ్టీ శాఖ ద్వారా జరగాల్సిందే.

సుధ గారూ, రెండు దారులు ఉన్నాయి. ఒకటి నడుస్తుంటే రెండోది ఆగక్కర్లేదు.

మొదటిది వినియోగదారుల కమిషన్. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో 82 నుంచి 87 దాకా సెక్షన్లు ఉత్పత్తి బాధ్యత గురించే, అంటే లోపమున్న సరుకు వల్ల హాని జరిగితే ఎవరు జవాబుదారీ అన్నది. 84లో తయారీ లోపం చూపించమన్నారు కానీ కంపెనీ నిర్లక్ష్యాన్ని రుజువు చేయమనలేదు. ‘హాని’ నిర్వచనంలో జబ్బు కూడా ఉంది. ఫీజు టిన్నుకు కట్టిన ధరను బట్టి, అడిగే పరిహారాన్ని బట్టి కాదు. ఆ ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు సున్నా. కాపురం ఉన్న చోటే వేయొచ్చు కాబట్టి మీవాళ్లది బెంగళూరు అర్బన్ జిల్లా కమిషన్, ఇ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. గడువు రెండేళ్లు. కొన్నది ఒక్కరే అయినా వాళ్ల అనుమతితో తిన్నవాళ్లూ వినియోగదారులే, ముగ్గురి పేర్లూ పెట్టండి.

రెండోది ఫుడ్ సేఫ్టీ శాఖ జిల్లా అధికారికి (డెజిగ్నేటెడ్ ఆఫీసరు) రాతపూర్వక ఫిర్యాదు. ఆహార చట్టం సెక్షన్ 65 కింద పరిహారం ఉంది కానీ దానికి పైకప్పు ఉంది: తీవ్రమైన గాయానికి 3 లక్షలకు మించదు, మిగతా గాయాలకు లక్షకు మించదు. ప్రాసిక్యూషన్‌కు గడువు ఏడాది, కమిషనర్ కారణం రాసి మూడేళ్ల దాకా పొడిగించొచ్చు.

కమిషన్‌లో కంపెనీ, డిస్ట్రిబ్యూటర్, దుకాణం, ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చండి.

కేఆర్‌పురం_కిరాణా
అంతా బాగనే చెప్పి చివర్లో దుకాణం ఎందుకు సామీ? సీలేసిన టిన్ను లోపల ఏముందో అమ్మేవాడికి ఎట్ల తెలుస్తాది? మీరు చెప్పిన చట్టంలోనే సెక్షన్ 86 చదవండి. అమ్మినవాడు సరుకును మార్చింటేనో, సొంతంగా గ్యారంటీ ఇచ్చింటేనో, తయారీదారు ఎవరో తెలియకపోతేనో, చూసుకోవాల్సింది చూసుకోకపోతేనో బాధ్యత. ఆహార చట్టం 27(3)లో అమ్మకందారు మీద ఉన్నవి గడువు దాటిన సరుకు, శుభ్రం లేని నిల్వ, తప్పుడు లేబులు, ఎవరి దగ్గర కొన్నాడో చెప్పలేకపోవడం, చెడ్డదని తెలిసీ తెచ్చుకోవడం. బిల్లు తేదీకి రీకాలే లేదు కదా. రీకాల్ తర్వాత అమ్మింటే నేనే కేసు వేయమంటా.

పెట్రిడిష్
ఎవరిని చేర్చాలో తర్వాత చూద్దాం, ముందు జబ్బు టిన్ను వల్లే వచ్చిందా? మూడు గంటల్లో వాంతులంటే మొదట అనుమానించాల్సింది స్టాఫైలోకాకస్ (స్టాఫ్) బాక్టీరియా విషాన్ని, అది అరగంట నుంచి ఎనిమిది గంటల్లోపు పట్టుకుంటుంది. సాల్మొనెల్లా బాక్టీరియాకు కనీసం ఆరు గంటలు కావాలి. బొటులిజం (నరాలను దెబ్బతీసే బాక్టీరియా విషం) అయితే కళ్లకు రెండేసి కనిపించడం, రెప్పలు వాలిపోవడం ఉంటాయి, మామూలుగా 12 నుంచి 36 గంటలు. స్టాఫ్ ఎక్కువగా వచ్చేది వండే చేతి నుంచి. టిన్ను ఎప్పుడు తెరిచారు? తెరిచాక ఎంతసేపు బయట ఉంది? కంపెనీ వకీలు వేసే మొదటి ప్రశ్న ఇదే.

మలం కల్చర్ (ల్యాబులో క్రిమిని పెంచి గుర్తించే పరీక్ష) చేయించారా? ఇక్కడ ఆస్పత్రులు ముందు యాంటీబయాటిక్ ఎక్కించి, సమ్మరీలో ‘అక్యూట్ గ్యాస్ట్రోఎంటరైటిస్’ (కడుపు, పేగుల వాపు) అని రాసి పంపేస్తాయి. ఆ మాటకు కేసులో విలువ లేదు.

సుధ_మారతహళ్లి
వండే ముందే తెరిచారట, ఓ పావుగంట. కల్చర్ చేయలేదు.

పెట్రిడిష్
అయితే కేసు లేదు.

హెచ్‌ఎస్‌ఆర్_లత
అంత తేలిగ్గా కొట్టేయకండి సార్. 1989లో అమెరికాలో చైనా నుంచి వచ్చిన పుట్టగొడుగుల టిన్నుల వల్ల వరసగా పలుచోట్ల స్టాఫ్ విషప్రభావం బయటపడింది. అదీ సీలేసిన టిన్నులే. పుట్టగొడుగులు టిన్నులోకి వెళ్లకముందే విషం తయారైతే, రిటార్ట్ (సీలేసిన టిన్నులను ఒత్తిడిలో ఉడికించే యంత్రం) వేడికి బాక్టీరియా చస్తుంది కానీ ఆ విషం పూర్తిగా పోదు. చేతి నుంచే వచ్చిందని అంత గట్టిగా ఎలా చెప్తారు?

పెట్రిడిష్
చేతి నుంచే అనలేదు, ‘ఎక్కువగా’ అన్నాను. మీ ఉదాహరణ సరైనదే, దాని వల్ల ఇంకో చిక్కు వస్తుంది, అదీ వినండి. అలాంటి టిన్నును ల్యాబ్‌కు ఇచ్చి మామూలు ప్లేట్ కౌంట్ (బతికున్న బాక్టీరియా లెక్క) చేయమంటే సున్నా వస్తుంది, బాక్టీరియా చచ్చిపోయింది కదా. రిపోర్టులో ‘సేఫ్’ అని వస్తుంది, మీ కేసు అక్కడే కూలుతుంది. దరఖాస్తులో ‘స్టాఫైలోకాకల్ ఎంటరోటాక్సిన్ పరీక్ష’ అని పేరు పెట్టి అడగాలి. ఇక టిన్నులో సాల్మొనెల్లా బతికి దొరికితే కథ వేరు: రిటార్ట్ సరిగా వెళ్లలేదనో, చల్లార్చే నీళ్లు సీము (మూత బిగించిన అంచు) గుండా లోపలికి పీల్చుకున్నాయనో అర్థం. ‘సూక్ష్మజీవుల కాలుష్యం’ అన్న రెండు మాటల రీకాల్ నోటీసు వీటిలో ఏదీ చెప్పదు.

శాంతినగర్_వకీలు
అందుకే మీ డబ్బా మీద కాదు, కంపెనీ ఫైలు మీద పడాలి. పత్రాలు, వస్తువులు తెప్పించడానికి వినియోగదారుల చట్టం సెక్షన్ 38(9) కింద కమిషన్‌కు సివిల్ కోర్టు అధికారాలు ఉన్నాయి. మొదటి వాయిదాకే మధ్యంతర దరఖాస్తు వేసి అడగాల్సినవి: ఆ బ్యాచ్ రిటార్ట్ చార్టు, సీము తనిఖీ రిజిస్టరు, ముడి పుట్టగొడుగులు ఎప్పుడు వచ్చాయి, ఎలా నిల్వ ఉంచారు, రీకాల్‌కు దారితీసిన ల్యాబ్ రిపోర్టు, వాళ్లు ఆ బ్యాచ్‌లోంచి దాచుకున్న కంట్రోల్ శాంపిల్. వెనక్కి వచ్చిన సరుకును ధ్వంసం చేయొద్దని కూడా అడగండి. ఇది మర్చిపోతే రెండు నెలల్లో అంతా బూడిదే.

ఇది క్రిమినల్ కోర్టు కాదు పెట్రిడిష్ మూర్తి గారూ, సందేహానికి తావు లేకుండా రుజువు చేయక్కర్లేదు. ముగ్గురు, ఒకే భోజనం, ఒకే టైము, అదే సరుకు రీకాల్. ఏది జరిగి ఉండడానికి ఎక్కువ అవకాశం అన్నదే ప్రశ్న.

పెట్రిడిష్
‘అదే సరుకు’ కాదు, ‘అదే బ్యాచ్’ కావాలి. యూపీఐ రసీదులో బ్యాచ్ నంబరు చూపించండి.

మౌనముని
చిల్లర దుకాణం బిల్లులో కూడా బ్యాచ్ నంబరు ఎవడూ కొట్టడు.

పెట్రిడిష్
అదే నేను అనేది. టిన్ను అడుగున అచ్చు కొట్టిన కోడ్ పోయింది. మరి ఏ బ్యాచ్ తిన్నారు?

శాంతినగర్_వకీలు
దుకాణం దగ్గర డిస్ట్రిబ్యూటర్ ఇచ్చిన ఇన్వాయిస్ ఉంటుంది, చాలా వాటిలో బ్యాచ్ నంబరు ఉంటుంది. ఆ వారం ఆ షెల్ఫులో ఆ బ్యాచ్ తప్ప ఇంకోటి లేదని చూపిస్తే చాలు. అందుకే దుకాణాన్ని చేర్చమన్నది.

కేఆర్‌పురం_కిరాణా
ఇన్వాయిస్ కావాలంటే అడగండి, ఇస్తాం. ఆహార చట్టం 26(4) ప్రకారం ఆ ఇన్వాయిసే మాకు గ్యారంటీ కాగితం, దాన్ని దాచుకోకుండా ఎవరుంటారు? సాక్షిగా పిలిపించండి, అఫిడవిట్ ఇస్తాం. ప్రతివాదిని చేస్తే ముప్పై రోజుల్లో జవాబు దాఖలు చేయాల, పైన పదైదు రోజులకు మించి ఒక్కరోజు కూడా ఇవ్వరు, సుప్రీంకోర్టే చెప్పేసింది. నూట అరవై రూపాయల టిన్నులో పన్నెండు రూపాయలు మిగిలేవాడు కమిషన్ ఉండే శాంతినగర్ బీఎంటీసీ బిల్డింగ్ చుట్టూ తిరగల్నా?

శాంతినగర్_వకీలు
మిమ్మల్ని వదిలేస్తే కంపెనీ ఏమంటుందో తెలుసా? ‘మా దగ్గర్నుంచి బాగానే వెళ్లింది, దుకాణంవాడు సొట్ట పడేశాడు’ అంటుంది. కేసులో లేనివాడి మీదికి వేలు చూపడం కన్నా సులువైన డిఫెన్సు లేదు.

కేఆర్‌పురం_కిరాణా
సొట్టల మాట ఎత్తినారు కాబట్టి చెప్తా. కార్టన్ విప్పితే ఇరవై నాలుగింటిలో రెండు సొట్టపడే వస్తాయి. డిస్ట్రిబ్యూటర్ వెనక్కి తీసుకోడు, ‘లీకు లేదు కదా’ అంటాడు. డబ్బు మాది పోతాది. పారేసే స్తోమత అందరికీ ఉంటాదా?

పెట్రిడిష్
అంటే సొట్ట టిన్నులు అమ్ముతారన్నమాట. ఇంతసేపూ సెక్షన్లు చెప్పింది ఇందుకా?

కేఆర్‌పురం_కిరాణా
నేను అమ్మినానని చెప్పినానా? మాటలు చూసి మాట్లాడు. ఏసీ ల్యాబులో కూచోని కల్చర్ లేదు కేసు లేదు అని తీర్పులిచ్చేది సులభం.

పెట్రిడిష్
సొట్ట అంతా ఒకటి కాదు. నడుము మీద నున్నగా లోపలికి పోతే పెద్ద ప్రమాదం లేదు. పైమూత, కిందిమూత మడతపెట్టి బిగించిన అంచు ఉంటుందే, ఆ డబుల్ సీము మీద గోరంత సొట్టయినా, పక్క అతుకు మీద పడినా, మడత తేలిన పదునైన సొట్టయినా అమ్మకూడదు. ఆ చోట గాలి, నీరు కంటికి కనిపించకుండా లోపలికి పోతాయి, లీకైనట్టు చుక్క కూడా కారదు. ఉబ్బిన టిన్ను గురించి చెప్పక్కర్లేదు, దాన్ని తెరవనే కూడదు. సెక్షన్ 86లో ‘తనిఖీలో తగిన జాగ్రత్త’ అని ఉన్నది దీనికే వర్తిస్తుంది. కాబట్టి వకీలు గారే కరెక్ట్, దుకాణం ప్రతివాదే.

మౌనముని
ఇందాక కేసే లేదన్నారు!

శాంతినగర్_వకీలు
ఆగండి. మూర్తి గారు నన్ను సమర్థిస్తున్నారు కానీ దాంతో మీవాళ్ల కేసుకే దెబ్బ. సొట్ట వాదన మనమే తెస్తే రీకాల్ పక్కకు పోతుంది, లోపం ఫ్యాక్టరీలోదా షెల్ఫులోదా అని కంపెనీ, దుకాణం కొట్టుకుంటుంటే ఫిర్యాదుదారు మూడేళ్లు చూస్తూ కూచోవాలి.

కేఆర్‌పురం_కిరాణా
ఇప్పుడొచ్చినారు దారికి. నిజం చెప్పండి, దుకాణాన్ని చేర్చేది ఇన్వాయిస్ కోసమా, లేకుంటే పక్క వీధిలో ఉన్నోడు భయపడి ముందు రాజీకొస్తాడనా?

శాంతినగర్_వకీలు
రెండూ. దాచేదేముంది? దుకాణం వాళ్లు డిస్ట్రిబ్యూటర్‌ను పీకితే డిస్ట్రిబ్యూటర్ కంపెనీని పీకుతాడు, కేసు మీడియేషన్‌కు (మధ్యవర్తి ముందు రాజీకి) త్వరగా వెళ్తుంది. ఇంట్లో జబ్బుపడిన పెద్దావిడకు కావాల్సింది ఖర్చులు వెనక్కి రావడం, చిల్లర వర్తకుల హక్కుల మీద తీర్పు కాదు. మీకు అన్యాయంగా అనిపించొచ్చు, నా కక్షిదారు మీరు కాదు.

కేఆర్‌పురం_కిరాణా
అట్ల ఒప్పుకుంటే సరే. చట్టం పేరు చెప్పి తిప్పినందుకే నాకు మండింది.

హెచ్‌ఎస్‌ఆర్_లత
సుధ గారూ, ఒకటి. కంపెనీ కస్టమర్ కేర్ రీకాల్ రిఫండ్ ఇస్తామంటే తీసుకోవచ్చు, అది టిన్ను ధర మాత్రమే. ‘ఫుల్ అండ్ ఫైనల్’ (ఇంతటితో సరి, ఇక ఏమీ అడగం) అన్న మాట ఉన్న మెయిల్‌కు ఓకే కొట్టొద్దు, కూపన్ కోడ్ ఫారం కింద చిన్న అక్షరాల్లో కూడా అది ఉండొచ్చు. ఆస్పత్రి నుంచి సమ్మరీ ఒక్కటే కాదు, మొత్తం కేస్ షీటు రాసిచ్చి అడగండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య నియమావళిలో ఉంది. నర్సు రాసుకున్న ‘రాత్రి 11 నుంచి వాంతులు, పుట్టగొడుగుల కూర తిన్నారు’ అన్న లైను ఆ షీటులోనే దొరుకుతుంది.

సుధ_మారతహళ్లి
దుకాణానికి ఫోన్ చేశాను. రీకాల్ అయిన బ్యాచ్ కోడ్ ఉన్నవి ఐదు టిన్నులు పక్కన పెట్టాడట. రీకాల్ సరుకు తీసుకెళ్లే వ్యాను రేపు పదింటికి వస్తుందట. ఒకటి మేం కొనేస్తే?

పెట్రిడిష్
వద్దు! రీకాల్ సరుకు అమ్మడం ఆయన తప్పవుతుంది, మీ చేతికొచ్చాక ఎవరో మార్చారంటారు. ఫుడ్ సేఫ్టీ ఆఫీసరు శాంపిల్ తీస్తే నాలుగు భాగాలు చేయాలి. టిన్ను విప్పి పంచితే మా పరీక్షకు పనికిరాదు, నాలుగు టిన్నులు విప్పకుండా ఇవ్వాలి. ఐదు ఉన్నాయి కాబట్టి సరిపోతుంది. ఎండలో, కారు డిక్కీలో పెట్టనివ్వద్దు.

శాంతినగర్_వకీలు
డెజిగ్నేటెడ్ ఆఫీసరుకు ఈ రాత్రే మెయిల్, పొద్దున్నే చేతికి కాగితం, అక్నాలెడ్జ్‌మెంట్ ముద్రతో. కంపెనీకి కూడా ‘సరుకు ధ్వంసం చేయొద్దు’ అని ఒక మెయిల్. కమిషన్ తనంతట పరీక్షకు పంపాలంటే 38(2) ప్రకారం శాంపిల్ ఫిర్యాదుదారు ఇవ్వాలి, మీ దగ్గర అది లేదు. అందుకే రేపటి శాంపిల్ చేయిదాటిపోకూడదు.

కేఆర్‌పురం_కిరాణా
అమ్మా, ఆఫీసరు పదింటి లోపల రాకపోతే వ్యానోడిని ఆపలేరు. దుకాణమాయనకు ఇంత చెప్పండి: రిటర్న్ చలానా మీద బ్యాచ్ నంబరు, ఐదు టిన్నులు అని రాయించి డ్రైవరు సంతకం తీసుకోమనండి. ఐదింటి అడుగు భాగం ఒక్కొక్కటీ దగ్గరగా ఫోటో తీయమనండి, కోడ్ కనపడేట్ల. ఆ చలానా, డిస్ట్రిబ్యూటర్ బిల్లు జెరాక్సు మీకిమ్మనండి. ఇవ్వనంటే నా నంబరు మెసేజ్ చేస్తా, నేను మాట్లాడతా.