అప్‌డేట్: అమ్మ విటమిన్ డి సంగతి

రెండున్నర నెలల క్రితం అడిగాను కదా, 68 ఏళ్ల మా అమ్మ రోజూ పొద్దున్నే ఎండలో కూర్చుంటున్నా రక్తపరీక్షలో విటమిన్ డి అంత తక్కువగా, 9 మాత్రమే ఎందుకొచ్చిందని. డాక్టరమ్మ నవ్వేశారు. ఆరున్నర లేత ఎండలో డి తయారుచేసే కిరణాలు దాదాపు ఉండవట, మధ్యాహ్నం వైపు ఎండే పనికొస్తుందట. అందులోనూ అమ్మ నిండా కొంగు కప్పుకునే కూర్చుంటుంది!

60,000 యూనిట్ల బిళ్ళ వారానికొకటి, 8 వారాలు రాశారు. అమ్మ రోజూ వేసుకోవాలనుకుని వరసగా మూడు మింగేసింది. నయం, నాలుగో రోజు చూశాను. డి ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరగొచ్చని ఆ పరీక్ష చేయిస్తే, మామూలుగానే వచ్చింది.

ఇప్పుడు డి 34, సరిపడా ఉన్నట్టే. ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్‌లో తుంటి టి-స్కోర్ మాత్రం మైనస్ 2.7, అంటే ఆస్టియోపోరోసిసే (ఎముకలు గుల్లబారడం). దానికి అలెండ్రోనేట్ అనే బిళ్ళ మొదలుపెట్టారు. పరగడుపున వేసుకుని అరగంట నిటారుగా కూర్చోవాలి. ఆ అరగంట కాఫీ లేకుండా ఆవిడ ముఖం చూడాలి! నడుం నొప్పి పూర్తిగా పోలేదు కానీ, గోడ పట్టుకోకుండా లేస్తోంది.