పచ్చి మామిడి కర్ర గిన్నె ఆరబెడుతుంటే నెర్రలు, ఏం చేయాలి?

చెక్కపొట్టు: మామిడి మొద్దు దొరికింది, పచ్చిగా ఉండగానే లేత్ (కర్రని తిప్పుతూ చెక్కే యంత్రం) మీద గిన్నె తీశా. పది అంగుళాల వెడల్పు, అంగుళం మందం. వరండాలో పెడితే తెల్లారేసరికి అంచు నుంచి నెర్ర. ఎలా ఆరబెట్టాలి? పగిలింది బాగవుతుందా? కూర వడ్డించాలంటే ఏ పాలిష్ వేయాలి?

వరాహ_ఒడ్డు: వరండా గాలే కొంప ముంచింది. మా ఏటికొప్పాకలో బొమ్మలకి వాడే అంకుడు కర్రని బాగా ఆరనిచ్చాకే లక్క పట్టిస్తారు, తడి మీద వేస్తే నిలవదు. 2017లో జీఐ (ఊరి పేరుతో వచ్చే ప్రత్యేక గుర్తింపు) వచ్చాక బొమ్మలు అందరూ కొంటున్నారు గానీ ఆ ఆరబెట్టే ఓపికకి రేటు కట్టేవాడేడి? బేరమాడతారు, నాకు ఒళ్ళు మండుతుంది.

తరిమెన_మాస్టర్: భరిణెలు తీసే అంకుడుకీ పది అంగుళాల మామిడికీ పోలికేంటండీ? చిన్నప్పట్నుంచీ లేత్ మీదే ఉన్నా, చెప్తున్నా వినండి. మొద్దు నడిమి బెండు గిన్నెలో ఉండిపోతే పగలడం ఖాయం. కర్ర చుట్టుకొలత వైపు కుంచించుకునేది, నడిమి నుంచి బయటికి కుంచించుకునేదానికి దాదాపు రెట్టింపు. మొద్దుని నిలువునా చీల్చి బెండు తీసేశాకే గిన్నె పట్టాలి.

మణికొండ_వుడ్: ఇంత అక్కర్లేదు బ్రో, మైక్రోవేవ్‌లో డీఫ్రాస్ట్ మీద కాసేపు పెట్టు, చల్లారనివ్వు, మళ్ళీ పెట్టు, అంతే.

తరిమెన_మాస్టర్: అంగుళం మందం గిన్నెకా? పైన ఆరినట్టే ఉండి లోపల తేనెపట్టులా పగుల్తుంది. తెలియకపోతే ఊరుకోండి, ఇంకొకరి కర్ర పాడుచేయకండి.

మణికొండ_వుడ్: మీరొక్కరే పనిమంతులా? పల్చగా తీసినవి నేను ఇలాగే ఆరబెట్టా, ఒక్కటీ పగల్లేదు, కావాలంటే ఫొటోలు పెడతా.

తరిమెన_మాస్టర్: పల్చటివి అని ఇప్పుడంటున్నారు! ముందు ఆ ముక్క ఎందుకు చెప్పలేదు?

డాలస్_అమ్మాయి: గొడవ ఆపండి ప్లీజ్. ఊరి నుంచి తెచ్చుకున్న కుంకుమ భరిణె ఇక్కడ చలికాలం హీటర్ గాలికి మూత బిగుసుకుపోయింది, చాలా బాధగా ఉంది, ఎలా తీయాలి?

వరాహ_ఒడ్డు: బలంగా తిప్పకండి అమ్మా, లక్క పెచ్చులూడుతుంది. హీటర్‌కి దూరంగా తేమ ఉన్న గదిలో కొన్నాళ్ళు వదిలేయండి.

గోదారి_కలప: చెక్కపొట్టు గారూ, మందం సరిపోయింది, వెడల్పులో పదో వంతు చాలు. ఈసారి నార తెగిన రెండు వైపులా మైనం పూసి, లేత్ పొట్టుతో కాగితం సంచిలో పెట్టి నీడలో ఉంచండి. ప్లాస్టిక్ కవర్ వద్దు, మామిడికి బూజు పట్టి నల్లబడుతుంది. వారం వారం తూచండి, బరువు తగ్గడం ఆగాకే రెండోసారి లేత్ ఎక్కించాలి. ఉన్న నెర్రలో ఇప్పుడే ఏమీ నింపకండి, ఆరేకొద్దీ అది కదుల్తూనే ఉంటుంది. పూర్తిగా ఆరాక అదే కర్ర సన్నపొడి కూరి పల్చటి ఫెవిక్విక్ వదలండి.

మణికొండ_వుడ్: ఫెవిక్విక్ పక్కన మరక పడుతుంది, ముందు చుట్టూ షెల్లాక్ (లక్క పాలిష్) రాయండి. ఇదైనా ఒప్పుకుంటారా మాస్టర్ గారూ?

తరిమెన_మాస్టర్: ఇది కరెక్టే.