వాలుబల్ల ప్రయోగంలో జి విలువ 7 దాటట్లేదు, ఎవరైనా చూడండి

రాజాం నాన్న:
సాయంత్రం ఆరింటి నుంచి ఇదే పని, ఇప్పుడు పదకొండయింది. పాప తొమ్మిదో తరగతి, సోమవారం స్కూల్లో సైన్స్ ఫెయిర్. వాలుతలం మీద త్వరణం కొలిచి దాన్నుంచి జి, అంటే గురుత్వ త్వరణం, రాబట్టాలి, 9.8 దగ్గర రావాలి. బల్ల పొడవు 120 సెం.మీ., ఒక కొన కింద పుస్తకాలు పెట్టి సరిగ్గా 12 సెం.మీ. లేపాను, అంటే సైన్ విలువ 0.1. పైనుంచి వదిలితే కిందికి రావడానికి 1.85 సెకన్లు, పదిసార్ల సగటు. త్వరణం 0.70 వస్తోంది, దాన్ని సైన్‌తో భాగిస్తే జి 7. పౌడర్ చల్లాను, కొవ్వొత్తి రుద్దాను, వంటింట్లోంచి ఆముదం తెచ్చి పూస్తే మా ఆవిడ తిట్టింది తప్ప జి మాత్రం కదల్లేదు. ఈ ఘర్షణ ఇంకెలా తగ్గించాలి?

ఆమదాలవలస:
ఏటి వదులుతున్నారు?

రిటైర్డ్ మాస్టారు:
ముందు అసలు 9.8 అనే అంకె సంగతి చూడాలి బాబూ. భూమి తన చుట్టూ తాను తిరుగుతోంది, పైగా నడుము దగ్గర ఉబ్బి ఉంది కాబట్టి జి అన్నిచోట్లా ఒకటి కాదు. భూమధ్యరేఖ దగ్గర 9.78, ధ్రువాల దగ్గర 9.83. మన జిల్లాలు 18 డిగ్రీల చిల్లర అక్షాంశం మీద ఉన్నాయి, ఇక్కడ 9.785 దగ్గర ఉంటుంది. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఈ మాట చెబుతూనే ఉన్నాను, వినే నాథుడు లేడు.

రాజాం నాన్న:
మాస్టారూ, నమస్కారం. నాకు వస్తున్నది 7.

చీపురుపల్లి డిప్లొమా:
ఫోన్ స్టాప్‌వాచ్‌తో కొలిచారు కదా, అక్కడే దెబ్బ. కన్ను చూసి వేలు నొక్కేసరికి 0.2 సెకను పోతుంది. కాలాన్ని వర్గం చేస్తాం కాబట్టి తప్పు రెట్టింపవుతుంది. వీడియో తీసి ఫ్రేములు లెక్కపెట్టండి, సెకనుకి 30 ఫ్రేములు.

ఆమదాలవలస:
9.8 రావాలంటే 1.56 సెకన్లు రావాలి. పదిసార్లూ ఒకే వైపు 0.29 సెకను ఆలస్యమా? మొదలుపెట్టేటప్పుడూ ఆపేటప్పుడూ ఒకే వేలు కదా. వదిలేది ఏంటో చెప్పండి ముందు.

రాజాం నాన్న:
వీడియో తీశాను. 55, 56 ఫ్రేముల మధ్య వస్తోంది, అంటే స్టాప్‌వాచ్ తప్పు కాదు. త్వరణం కూడా రెండు రకాలుగా చేసి చూశాను. దూరాన్ని కాలంతో భాగిస్తే వచ్చిన వేగాన్ని మళ్లీ కాలంతో భాగిస్తే జి 3.5కి పడిపోయింది, ఇంకా దారుణం.

రిటైర్డ్ మాస్టారు:
అది సగటు విలువ. నిశ్చల స్థితి నుంచి బయల్దేరిన వస్తువు చివర్లో దానికి రెట్టింపు మీద ఉంటుంది, మీరు మొదట చేసిందే సరైనది. ఇంకొకటి, దూరాన్ని కాలంతో భాగిస్తే వచ్చేది వేగం కాదు, వడి. వేగానికి దిశ ఉండాలి. తొమ్మిదో తరగతి పుస్తకంలోనే ఉంది.

చీపురుపల్లి డిప్లొమా:
తిన్నగా ఒకే వైపు పోతున్నప్పుడు వడి అన్నా వేగమన్నా అంకె అదే కదండీ.

రిటైర్డ్ మాస్టారు:
అంకె అదే, మాట వేరు. మాట తప్పు నేర్పితే పిల్లలకి అదే ఉండిపోతుంది.

బొబ్బిలి:
గడియారం లేకుండానే చేయొచ్చు. గెలీలియో 1638లో అచ్చేసిన దాంట్లో చెక్కలో గాడి చెక్కి, తోలు కాగితం అతికించి, కంచు గుండు దొర్లించి, కారిన నీళ్లు తూచి కాలం కొలిచానని రాశాడు. వాళ్ల నాన్న లూట్ వాయించేవాడు, అంటే మన వీణకి దూరపు చుట్టం. వీణకి మెట్లున్నట్టే బల్ల మీద అడ్డంగా దారాలు కట్టి, టక్ టక్ చప్పుడు సమానంగా వినిపించేదాకా వాటిని జరిపి ఉంటాడని ఒక పరిశోధకుడి ఊహ. మీ బల్లకి పైనుంచి 7.5, 30, 67.5, 120 సెం.మీ. దగ్గర సన్న రబ్బరు బ్యాండ్లు వేయండి. దూరాలు 1, 4, 9, 16 వంతులు, కానీ చప్పుళ్ల మధ్య కాలం ఒకటే. మా ఊళ్లో పనసచెక్కతో వీణలు చేసేవాళ్లు ఇది వింటే నవ్వుతారు, మెట్లు చెవితోనే కదా పెట్టేది.

రాజాం నాన్న:
బావుంది గానీ నాకు జి కావాలి సార్. మొన్న అయితే ఇంకా ఘోరం, 2.01 సెకన్లు, జి 5.9. అప్పుడు అల్యూమినియం ఛానెల్ మీద చేశాను, గోలీ పక్కకి పోకుండా ఉంటుందని. తర్వాత చదునైన బల్లకి మారాను.

ఆమదాలవలస:
గోలీ!

ఆమదాలవలస:
ఇందాకట్నుంచి అడుగుతున్నది అదే. గోలీ జారదు, దొర్లుతుంది. దిగిన ఎత్తు వల్ల వచ్చే శక్తిని ఏడు వాటాలేస్తే ఐదు ముందుకి పోవడానికి, రెండు గిరగిరా తిరగడానికి. కాబట్టి త్వరణం జి సైన్ కాదు, అందులో 5/7. మీ 7ని 7/5తో గుణించండి. ఆముదం దండగ. దొర్లాలంటేనే కాస్త ఘర్షణ ఉండాలి, ఇంత తక్కువ వాలుకి ఆముదం మీద మిగిలేది కూడా సరిపోతుంది.

రాజాం నాన్న:
9.8!! ఐదు గంటలు... మరి 5.9 ఎందుకు?

చీపురుపల్లి డిప్లొమా:
ఛానెల్ సందు వెడల్పు ఎంత, గోలీ ఎంత?

రాజాం నాన్న:
సందు 10 మి.మీ., గోలీ 16.

చీపురుపల్లి డిప్లొమా:
అదే. గోలీ అడుగున ఆనట్లేదు, రెండు అంచుల మీద వేలాడుతోంది. నిజం వ్యాసార్ధం 8 అయినా దొర్లేది 6.2 మి.మీ. మీద. అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరగాలి, తిరుగుడికి ఎక్కువ వాటా పోతుంది. లెక్కేస్తే 5/7 బదులు 0.60. మీ 5.9ని దాంతో భాగించండి, మళ్లీ 9.8 దగ్గరికే వస్తుంది. మీ కొలతలు రెండూ బాగున్నాయి సార్, నిజంగా.

రిటైర్డ్ మాస్టారు:
జడత్వ భ్రామకం, అంటే తిప్పబోతే వస్తువు ఎంత మొరాయిస్తుందో చెప్పే కొలత, తొమ్మిదో తరగతిలో లేదు. పాప ఏం చెబుతుంది?

ఆమదాలవలస:
చెప్పక్కర్లేదు, చూపిస్తే చాలు. గోలీ పక్కన చేతికి వేసుకునే గాజు ఒకటి నిలబెట్టి రెండూ ఒకేసారి వదలమనండి. గాజుకి బరువంతా అంచునే, సగం శక్తి తిరగడానికే పోతుంది. ఎంత పెద్ద గాజైనా, ఎంత బరువైనా గోలీయే గెలుస్తుంది. దొర్లితే 2.2 సెకన్లు రావాలి.

రాజాం నాన్న:
బల్ల ఆముదం తుడిచి మా ఆవిడ గాజుతో చేశాం. మూడుసార్లు పక్కకి పడిపోయింది, నాలుగోసారి 2.2. థాంక్స్ అండి అందరికీ, పడుకుంటాం.

బొబ్బిలి:
రబ్బరు బ్యాండ్లు కూడా వేయండి, జడ్జీలకి చప్పుడు వినిపించాలి.

రిటైర్డ్ మాస్టారు:
చార్టు మీద వడి అని రాయండి. వేగం అని రాస్తే నేను జడ్జిగా ఉంటే ఒక మార్కు తీసేస్తాను.