రేకుల ఇంటి మీద సోలార్: రేకుకే బిగించాలా, వేరే స్ట్రక్చర్ లేపాలా?

మడికొండ తమ్ముడు
మాది మడికొండలో రేకుల ఇల్లు. కలర్ కోటింగ్ ఇనుప రేకులు, తొమ్మిదేళ్ల కింద వేయించాం. 3 కిలోవాట్ల సోలార్ పెట్టిద్దామని ఇద్దరిని పిలిచి చూపించాం. ఒకాయన "రేకుల మీదే చిన్న రైలు ముక్కలు, అంటే ప్యానెళ్లను పట్టి ఉంచే పట్టీలు, స్క్రూలతో బిగిస్తే అయిపోతది, ఒక్కరోజు పని" అన్నాడు. రెండో ఆయన రేకును ముట్టుకోనే వద్దంటున్నాడు. ఇంటి చుట్టూ పైపులు లేపి పైన స్ట్రక్చర్ కట్టాలట, దానికి 40 వేలు ఎక్కువట. బాపుకేమో "అంత బరువుకు రేకులు ఆగుతయా" అని ఒకటే టెన్షన్. రేకుల మీద పెట్టించుకున్నవాళ్లు ఉంటే చెప్పండి.

పరకాల పత్తిచేను
ముందు నెలకు ఎన్ని యూనిట్లు కాలుతున్నాయో చెప్పు తమ్మీ. గృహజ్యోతిలో 200 లోపు జీరో బిల్లు వస్తుంటే సోలార్ దేనికి?

మడికొండ తమ్ముడు
మామూలుగా 160, 170 అన్నా. ఏప్రిల్, మేలో ఏసీ వేస్తే 300 దాటుతుంది. 200 దాటితే పైవాటికే కాదు, మొత్తానికీ కట్టాల్సిందే కదా.

పరకాల పత్తిచేను
రెండు నెలల బిల్లు కోసం లక్ష పైన పెడతావా? కేంద్రం సబ్సిడీ 78 వేలు వచ్చినా మిగతాది నీ జేబులోదే. నేనైతే పెట్టను. ఇక మీ ఇష్టం.

కరీంనగర్ టీచరమ్మ
సబ్సిడీ లెక్కలు తర్వాత. రేకుకు చిల్లు మాత్రం పెట్టనివ్వకండి. మేం పెట్టించి అనుభవిస్తున్నాం. మొదటి వానకే వంటింట్లో బియ్యం డ్రమ్ము మీద చుక్కలు పడ్డాయి. టార్చి వేసి చూస్తే చిల్లు డ్రమ్ము పైన లేదు, అక్కడికి ఆరడుగుల దూరంలో ఉంది. నీళ్లు పైపు వెంట పాకుతూ వచ్చి అక్కడ రాలుతున్నాయి. బిగించినవాళ్లు మళ్లీ వచ్చి సిలికాన్ పూసి పోయారు. ఎండాకాలంలో అది పగిలిపోయింది. రెండో వానాకాలం మళ్లీ అదే కథ. వేరే స్ట్రక్చర్‌కు అడిగే 40 వేలు ఎక్కువ కాదు తమ్ముడూ.

ఏనుమాముల వెల్డింగ్
టీచరమ్మా, స్క్రూలు రేకు మిట్ట మీద కొట్టారా, పల్లంలో కొట్టారా?

కరీంనగర్ టీచరమ్మ
పల్లంలోనే అన్నా. నీళ్లు పారే చోటే.

ఏనుమాముల వెల్డింగ్
అదీ సంగతి. తప్పు చిల్లుది కాదమ్మా, చిల్లు పెట్టిన చోటుది. మీ రేకులు వేసినప్పుడు కూడా వందల స్క్రూలు దిగినయి కదా, వాటిలోంచి కారుతుందా? మిట్ట మీద కొట్టి, నల్ల రబ్బరు వాషర్ వేసి, రబ్బరు కొద్దిగా ఉబ్బేవరకే బిగించాలి. మనోళ్లు మెషీన్ చేతిలో ఉంది కదా అని రబ్బరు నలిగి బయటికి వచ్చేదాకా తిప్పుతారు. ఎండకు అది చీలిపోతుంది. ఇంకోటి, చిల్లులు పెట్టాక రాలిన ఇనుప రజను అదే రోజు ఊడ్పించుకోండి. రాత్రి మంచు పడిందంటే తెల్లారేసరికి రేకు మీద తుప్పు చుక్కలే.

స్ట్రక్చర్ కట్టి సంపాదించేవాణ్ని నేనే. అయినా చెప్తున్నా, మడికొండ తమ్ముడికి అది అక్కర్లేదు. కానీ స్క్రూ రేకులో ఆగితే లాభం లేదు. అది అరమిల్లీమీటరు రేకు, చేతితో వంగుతుంది. స్క్రూ కింద పర్లిన్ పైపులోకి, అంటే రేకులను మోసే అడ్డ పైపులోకి దిగాలి. ఒకాయన చెప్పిన "చిన్న రైలు ముక్కలు" రేకుకే పట్టుకుని ఉండే రకమైతే వద్దను.

రామగుండం రిటైర్డ్
బాపు బరువు గురించి భయపడుతున్నాడు గానీ, లెక్క చూడండి. 540 వాట్ల ప్యానెల్ 28 కిలోల దాకా ఉంటుంది, రెండున్నర చదరపు మీటర్ల పైన పరుచుకుంటుంది. రైళ్లతో కలిపినా చదరపు మీటరుకు 13, 14 కిలోలు. ఆరు ప్యానెళ్లకు మొత్తం రెండు క్వింటాళ్లు. రేకులు బిగించేటప్పుడు పైన నడిచిన మనిషి ఒక్క పాదం చోట మోపిన బరువు ఈ 13, 14 కిలోల కన్నా చాలా ఎక్కువ.

అసలు భయం పైకి లేవడం గురించి. గాలి గంటకు 100 కిలోమీటర్లు వీస్తే చదరపు మీటరు మీద 47 కిలోల ఒత్తిడి. ఒక్క ప్యానెల్‌కే 120 కిలోలు. ప్యానెల్ బరువు 28 కిలోలే కదా, మిగతాదంతా బోల్టులు ఆపాలి. మన ఊళ్లలో రేకుల మీద బండలు, ఇసుక బస్తాలు ఎందుకు పెడతారు మరి? ఏప్రిల్, మేలో ఈదురుగాలికి మామిడి కాయ రాలే రోజున ఎత్తుగా లేపిన స్ట్రక్చర్ కన్నా రేకుకు దగ్గరగా ఉన్న ప్యానెలే నయం.

ఒక్క విషయం మాత్రం వెల్డింగ్ అన్న చెప్పలేదు. మరీ ఆనించి పెడితే కింద గాలి ఆడదు. మా ఎండల్లో ప్యానెల్ 65 డిగ్రీలకు పోతుంది. 25 డిగ్రీల పైన ప్రతి డిగ్రీకి ఉత్పత్తి సుమారు 0.35 శాతం తగ్గుతుంది, అంటే 14 శాతం పోయినట్టే. నాలుగు నుంచి ఆరు అంగుళాల సందు తప్పనిసరి.

ఏనుమాముల వెల్డింగ్
నాలుగు అంగుళాలు ఒప్పుకుంటా సార్. ఆరంటే గాలి దూరుతుంది. పైగా కోతులు. సందు పెద్దగా ఉంటే అవి కింద దూరి వైర్లు గుంజుతాయి. వైర్లు పైపులో వేసి, చుట్టూ జాలీ కట్టించుకోవాలి.

జగిత్యాల ఎన్నారై
రేకులు దక్షిణానికి వాలి లేకపోతే కాళ్లు పెట్టి వాలు సరిచేయాలి కదా?

రామగుండం రిటైర్డ్
తూర్పు, పడమర అయినా వాలు తక్కువే కాబట్టి పోయేది స్వల్పం. ఆ కొద్దిపాటి కరెంటు కోసం కాళ్లు లేపితే అది గాలికి గొడుగు పట్టినట్టే.

పరకాల పత్తిచేను
ఇంత చదివాక కూడా నా మాట అదే. సిమెంటు రేకుల వాళ్లు మాత్రం అసలు అనుకోవద్దు. చిల్లు పెడుతుంటేనే పగులుతాయి, ఆ దుమ్ము పీల్చడం కూడా ప్రమాదం.

మడికొండ తమ్ముడు
ఇవాళ సీలింగు రెండు పలకలు తీసి లోపలికి చూశా. అంగుళన్నర చదరపు పైపులు, నాలుగున్నర అడుగులకొకటి. వెల్డింగు బాగానే ఉంది. కానీ గోడ దగ్గర పైపు కొసలు ఇటుకల మీద ఊరికే పెట్టి, చుట్టూ సిమెంటు పూసి వదిలేశారు. బోల్టు లేదు, ప్లేటు లేదు. పడమటి వైపుది చేత్తో ఊపితే కదిలింది, సిమెంటు పెళ్లలు రాలాయి. బాపు కిందినుంచి చూసి "సోలార్ సంగతి తర్వాత, ఇన్నేళ్ల నుంచి మనం దీని కిందనే పడుకున్నమా" అన్నాడు.

ఏనుమాముల వెల్డింగ్
ఎన్ని కదులుతున్నాయో ఒక్కొక్కటి ఊపి చాక్‌పీసుతో గుర్తు పెట్టు తమ్మీ. గోడ మందం ఎంతో కూడా కొలిచి చెప్పు, ప్లేట్ల సైజు దాన్నిబట్టే. ప్యానెళ్ల వాళ్లకు అప్పుడే అడ్వాన్సు ఇవ్వకు.