అమ్మ పోయి ఏడాది కావస్తోంది, మనసు కుదుటపడటం లేదు. మీరెలా తట్టుకున్నారు?

చిన్నకూతురు:
పగలు ఆఫీసు పనిలో పడి బాగానే ఉంటాను, సాయంత్రం అమ్మకి ఫోన్ చేసే టైమ్ అయ్యేసరికి చెయ్యి దానంతటదే ఫోన్ మీదకి పోతుంది, అప్పుడు మొదలవుతుంది ఏడుపు. "ఇంకా ఎన్నాళ్లు, ధైర్యం తెచ్చుకో" అంటారు అందరూ. ఎప్పుడైనా గట్టిగా నవ్వితే తప్పు చేసినట్టు ఉంటుంది. దుఃఖానికి ఐదు దశలంటారు కదా, నమ్మలేకపోవడం, కోపం, బేరమాడటం, కుంగిపోవడం, ఒప్పుకోవడం అని, నేను కోపం దగ్గరే ఆగిపోయానేమో అని టెన్షన్. మీకు ఊరటనిచ్చింది ఏమిటో చెప్పండి.

పాతసభ్యుడు:
ముందు ఆ దశల టెన్షన్ వదిలెయ్యమ్మా. ఎలిజబెత్ కుబ్లర్-రాస్ అనే మానసిక వైద్యురాలు 1969లో వాటిని రాసింది చావుకి దగ్గరైన రోగులతో మాట్లాడి. అయినవాళ్లని పోగొట్టుకున్నవాళ్లకి వాటిని అన్వయించడం తర్వాత వచ్చింది. అందరూ వరసగా వాటన్నిటినీ దాటాలని ఏమీ లేదు. నా భార్య పోయాక నాకు కోపం, బెంగ ఒకే పూటలో వచ్చేవి.

నిదానం:
నవ్వడం గురించి ఒక మాట. మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే పరిశోధకులు 1999లో చెప్పిందేమిటంటే, దుఃఖంలో ఉన్న మనిషి కాసేపు పోయినవాళ్ల తలపుల్లో, కాసేపు బతుకు పనుల్లో, అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాడు, అలా తిరగడమే కోలుకోవడానికి సాయపడుతుంది. అంటే మీరు నవ్విన ఆ కాసేపూ అమ్మని మర్చిపోయినట్టు కాదండీ.

ఒంటరిదీపం:
మా ఆయన పోయినప్పుడు ఓదార్పు మాటలు చెప్పినవాళ్లెవరూ నాకు గుర్తులేరు. ఒక స్నేహితురాలు మాత్రం వచ్చి, బ్యాంకు కాగితాలన్నీ ముందేసుకుని కూర్చుని నింపి, మధ్యమధ్యలో ఆయన గురించి నాకు తెలియని సంగతులు చెప్పేది. కాలేజీలో ఆయన ఎంత మొండివాడో విన్న రోజు చాలా తేలిగ్గా అనిపించింది. మీ అమ్మగారి స్నేహితులుంటే వెళ్లి అడగండి, వాళ్లూ చెప్పుకోవాలనే చూస్తుంటారు. ఇంకొకటి, ఆవిడ వాయిస్ మెసేజ్‌లు ఉంటే ఈరోజే ఇంకోచోట కాపీ పెట్టుకోండి. ఫోన్ పాడైతే అవి మళ్లీ దొరక్కపోవచ్చు. ఇప్పుడే వినక్కర్లేదు, ఉంటే చాలు.

తమ్ముడి అన్న:
తమ్ముడు పోయాక నేను మంచం దిగలేదు, ఉద్యోగానికీ వెళ్లలేదు. నెలల తరబడి అలాగే ఉంటే కౌన్సిలర్ దగ్గరకి వెళ్లండి, నేను వెళ్లాను, మేలు జరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల జాబితా ఐసీడీ-11లో దీర్ఘకాలిక దుఃఖాన్ని ఒక రుగ్మతగా చేర్చింది. ఆరు నెలలు దాటాక కూడా ఏడుపొస్తే జబ్బని కాదు, రోజువారీ బతుకే నడవనంత తీవ్రంగా ఉంటేనే. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం నెలలు లెక్కపెట్టొద్దు, వెంటనే ఎవరికైనా చెప్పండి, ఆసుపత్రికి వెళ్లండి.

చిన్నకూతురు:
అందరికీ థ్యాంక్స్, వాయిస్ మెసేజ్‌లు కాపీ చేశాను. నాన్నతో ఎలా అన్నదే తెలియట్లేదు, అమ్మ పేరెత్తితే లేచి వెళ్లిపోతారు.

పాతసభ్యుడు:
నేనూ అలాగే లేచి వెళ్లేవాడిని, పిల్లల ముందు ఏడవలేక. ఎదురుగా కూర్చోబెట్టి అడగొద్దు. ఏదైనా పని చేస్తూ ఆయన పక్కన ఉండి, మీకు గుర్తొచ్చిన ఓ చిన్న సంగతి చెప్పి ఊరుకోండి. జవాబు కోసం చూడొద్దు. మా అమ్మాయి అలాగే చేసేది, కొన్నాళ్లకి నేనే మొదలుపెట్టాను.